రాయి మారింది

మా దేవసహాయం మామకు కోపం తెప్పించడం తేలిక. ఒక చిన్న అబద్ధం చెప్పమని అడిగితే చాలు. మామ మనకు కోపం తెప్పించడం అంతకంటే తేలిక. నిజం చెప్పమని ఎవరూ అడగక్కరలేదు, తనంతట తనే చెప్తాడు.

కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద గ్రానైట్ పలకలు కోసే ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, వాటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని మామ సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతాడు. ఫ్యాక్టరీ వాళ్లు పక్కన పడేసిన ముక్కలు తెచ్చుకుంటాడు. అంచులు అరగదీసి, సుద్దతో అక్షరాలు గీసి, ఉలితో తవ్వుతాడు. మంథని నుంచి ఉట్నూరు దాకా మా మెథడిస్టు సంఘాల సమాధుల తోటల్లో ఎక్కడికి పోయినా మామ చేతిరాత కనిపిస్తుంది. 'క' తలకట్టు చూసి గుర్తుపట్టొచ్చు, పెళ్లికొడుకు తలపాగాలా పెడతాడు.

ఇప్పుడు కంప్యూటర్ మిషన్లు వచ్చాయి. గంటలో రాయి చెక్కి పంపిస్తాయి. అయినా జనం మామ దగ్గరికే వస్తారు, వచ్చి తిట్లు తింటారు. ఒకసారి ఒకాయన తండ్రి రాయి మీద 'ప్రియమైన భర్త' అని రాయమన్నాడు. మామ ఉలి కింద పెట్టి, "మీ బాపు మీ అవ్వతోని మాట్లాడక ఎన్నేండ్లయింది, నాకు ఎర్క లేదా? కాయిదం మీద అబద్ధం రాస్తే చినిగిపోతది. రాయి మీద రాస్తే నేను సచ్చినంక గూడ ఉంటది" అన్నాడు. ఆయన అలిగి వెళ్లిపోయాడు. మరునాడు వచ్చి ఉత్త 'భర్త' అని చెక్కించుకున్నాడు.

మామకు ఉన్న ఆస్తి అంతా ఒక్క మాటలో ఉంది. దేవసహాయం దగ్గర పెట్టిన రాయి పెట్టినట్టే ఉంటుందని జనం అనే మాట. వర్షాలకు దారులు మూసుకుపోయి నెలల తరబడి ఎవరూ రాకపోయినా, వాళ్ల పలకను గోనెసంచి కప్పి కాపాడతాడు. ఆ మాటకు గీత పడటం, దాని వల్ల మేమందరం పడ్డ పరేషానీ, ఇదే నేను చెప్పబోయేది.

నా పేరు ఏంజెల్. మామకు మేనకోడల్ని. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే కౌంటరు నడుపుతాను. ఆ పని నాకెవరూ నేర్పలేదు, పాడైన ఫోన్లను ఇంకాస్త పాడుచేస్తూ నేర్చుకున్నాను. మామకు ఒక్కడే స్నేహితుడు, హనుమండ్లు కాక. మంథని దగ్గరి ఊళ్లో వరి రైతు. ఎప్పుడో బట్టలుతికే బండ కొందామని వచ్చి, ఏ ముక్క మంచిదనే దాని మీద మామతో పొద్దంతా వాదించి, బస్సు తప్పిపోయి మా ఇంట్లోనే తిని పడుకున్నాడు. బండ మాత్రం కొనలేదు. అప్పటి నుంచి కరీంనగర్‌లో ఏ పనున్నా ముందు షెడ్డుకే వస్తాడు.

ఆ రోజు కూడా అలాగే వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని, తువ్వాల మూట విప్పాడు.

"ఏం తెచ్చినవ్? ఉల్లిగడ్డనా?" అన్నాడు మామ తల ఎత్తకుండానే.

"నీలం."

"ఎవల నీలం?"

"మా బాయిది. బాయి లోతు తీపిస్తుంటే అడుగున రాతిపొరల దొరికింది."

నిమ్మకాయంత రాయి. పైనంతా ఆకుపచ్చ బూడిద రంగు పొర పట్టి, చూస్తే తన్ని పారేసేటట్టు ఉంది. ఒక మూల పెచ్చు ఊడిన చోట మాత్రం లోపల నిగనిగలాడుతోంది. కాక దాన్ని గడపలో ఎండకు పట్టుకున్నాడు. చిక్కటి నీలం. కొంచెం ఊదా కలిసిన నీలం, కొత్త సిరా రంగు. మామ కూడా ఉలి ఆపి చూశాడు.

"నీలమే" అని ఒప్పుకున్నాడు. మామ ఒప్పుకోవడం అంటే రిజిస్ట్రీ అయినట్టే.

కాకకు మస్కట్‌లో కొడుకు ఉన్నాడు, తిరుమల. ఏ కంపెనీలో చేరినా ఏదో ఒక తిప్పలు. వాడికి శని బాగా లేదని, నీలం ఉంగరం పెట్టమని పంతులు చెప్పాడట. కొనే తాహతు లేదని కాక భార్య కిష్టవ్వ బెంగపడుతుంటే, బావిలోంచి ఇది వచ్చింది.

"భూమే ఇచ్చింది అంటది మా ఇంటామె. జర చదును చేసి పాలిష్ పట్టియ్యి."

"శని గిని నాకు తెల్వది. గిది సమాధి రాళ్ల దుకాణం. బజార్ల నగల రాళ్లు అరగదీసేటోళ్లు ఉన్నరు, పో."

"పరాయోడు మార్చుకుంటే? నీ కాడైతే ఆ ఫికర్ లేదు."

ఈ మాటను గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం మరిచిపోలేదు.

మామ పొగడ్తకు లొంగడు. నమ్మకానికి లొంగుతాడు. సాయంత్రం బల్బు వెలుగులో, నీళ్లు కారే పాలిష్ చక్రం మీద, చేతులు మోచేతుల దాకా బురద చేసుకుని రాయిని కోశాడు. గ్రానైట్ ఎలా కోస్తాడో అలాగే కోశాడు, రాయి ఎటు పడుకుంటే నిలకడగా ఉంటుందో ఆ వైపు చదును చేసి. మందపాటి బిస్కెట్‌లాంటి బిళ్ల వచ్చింది. పైన, కింద రెండు ముఖాలకూ అద్దంలా పాలిష్ పట్టాడు. చుట్టూ అంచులు నగలవాడు ఎలాగూ కత్తిరించుకుంటాడని ఆ పొరతో అలాగే వదిలేశాడు. గ్రానైట్‌ను ఎటు నుంచి కోసినా ఒకే రంగు. అలవాటు పడ్డ చెయ్యి రాయిని తిప్పి చూడదు. తడి బిళ్లను తుడిచి తెల్ల రుమాలులో చుట్టాడు. మరునాడు కాక బస్సుకు టైమైందని పరుగున వచ్చి, మూట విప్పకుండానే జేబులో వేసుకుని పోయాడు.

తర్వాతి వారం భార్యాభర్తలిద్దరూ కలిసి షెడ్డుకు వచ్చారు. కిష్టవ్వ చిన్నమ్మ రుమాలు విప్పి మామ ముందు పెట్టింది. అందులో ఉన్న బిళ్ల గంజి రంగులో ఉంది. సరిగ్గా చెప్పాలంటే ఎండుగడ్డి నానిన నీళ్ల రంగు.

"దేవసాయం, రాయి మారింది" అన్నాడు కాక.

మామ చేతిలో ఉలి ఆగింది. "ఏమన్నవ్?"

"రాయి మారింది అన్న."

మన దగ్గర పెళ్లిళ్లలో చెప్పులు మారతాయి, బస్సుల్లో సంచులు మారతాయి. ఆసుపత్రిలో మందుల చిట్టీలు మారతాయి. 'మారింది' అని ఎవరన్నా అన్నారంటే, దాని వెనక మార్చినవాడు ఒకడు నిలబడి ఉంటాడు.

"మారింది అంటే, మార్చింది ఎవరు?"

"నేను గా మాట అనలే. మారింది అన్న."

"షెడ్డుల నేను తప్ప ఇంకెవలు ఉన్నరు?"

"అన్నా, కొట్లాటకు రాలే" అంది చిన్నమ్మ. "నా కొడుకు కోసం అడుగుతున్న. మా రాయి మాకియ్యి. గీ గంజి రాయి నువ్వే పెట్టుకో."

వాళ్లు బిళ్లను పీట మీద వదిలేసి వెళ్లిపోయాక, మామ ఉలిని తుడిచి, రేకు డబ్బాలో పెట్టి మూత వేశాడు. "దొంగ అనిపించుకున్న చెయ్యితోని సచ్చినోళ్ల పేర్లు చెక్కుతనా? హనుమండ్లు గా మాట ఎనక్కి తీసుకునే దాక ఉలి ముట్ట" అన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది, అలిగాడు, అలగనీ అనుకోవచ్చు. కానీ షెడ్డు గోడకు ఆనించి సగం చెక్కిన నల్లటి పలక ఒకటి ఉంది. దాని మీద నున్నగా, లోతుగా, అందంగా 'హెప్సి' అని ఉంది. చచ్చిపోయినామె పేరు హెప్సిబా.

ఆమె కొడుకు ఫిలిప్ ఉట్నూరు వైపు ఊళ్లకు జీపు నడుపుతాడు. రాయి తీసుకుపోదామని జీపు కట్టుకుని వచ్చి, చుట్టాల ఇంట్లో దిగి, పొద్దున్నే షెడ్డుకు వచ్చి కూర్చునేవాడు.

"అన్నా, మా అవ్వ పేరు హెప్సి కాదే."

"నాకు ఎర్కే."

"ఆదివారం ఆరాధన అయినంక రాయి పెట్టాలె. సంఘం అంతా వస్తది. హెప్సి అని పెడితే మా అక్కలు నన్ను గా పక్కనే బొంద తవ్వి పెడ్తరు."

"పెట్టనీ. నీ పేరుల నాలుగక్షరాలు లేవు, తొందరగ అయితది."

"ఒక్క బా అన్నా. ఒక్క బా."

మిషన్ దగ్గరికి పోదామంటే వాళ్లు ఒక్క అక్షరం కోసం పలక ఎక్కించబోమన్నారు. పైగా హెప్సిబమ్మ పోయే ముందు చెప్పిందట, తన పేరు దేవసహాయం చేతనే చెక్కించాలని. ఫిలిప్ నా వైపు చూసేవాడు. నేను మామ వైపు చూసేదాన్ని. మామ గోడ మీద బల్లిని చూసేవాడు. ఇంట్లో ప్రేమమ్మ అత్త అయితే, "పొద్దంత ఇంట్ల కూసుంటే నా పొయ్యికాడి డబ్బాలు సర్దుతుండు. ఏదన్న చెయ్యవే పిల్లా, ఉప్పు యాడున్నదో నాకే తెలుస్తలేదు" అని మొత్తుకుంది.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఫిలిప్ చాయ్ తాగడానికి పోయినప్పుడు ఆ పలక మీద సుద్దతో నేనే 'బా' గీశాను. కావాలని వంకరగా, కాళ్లు చాపుకుని పడుకున్న మేకలా గీశాను. మామ చూశాడు. మొహం తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు. చెయ్యి దురద పెట్టినట్టు గోక్కున్నాడు. చివరికి లేచి తడిబట్టతో తుడిచి, తనే సుద్దతో బ్రహ్మాండమైన 'బా' గీసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"ఇగ ఉలి తీయి మామా."

"సుద్ద తుడిస్తే పోతది. ఉలి పోదు."

నేను ఆ రోజు కోపంతో గంజి బిళ్లను జేబులో వేసుకుని కౌంటరుకు వచ్చేశాను. పగుళ్లేమైనా ఉన్నాయేమో చూద్దామని, రిపేరుకు వచ్చిన పాత ఫోను తెర తెల్లగా వెలిగించి, దాని మీద బిళ్ల పెట్టాను. గంజి రంగే. ఇంకో పనిలో పడి వేలితో తెర మీదే గుండ్రంగా తిప్పాను. నీలం అయింది. చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. మళ్లీ తిప్పాను, గంజి. మళ్లీ తిప్పాను, పలచటి నీలం. ఫోను తెరలన్నిటి మీదా ఉండి, పాడైనవాటి నుంచి మేము ఊడదీసే నల్ల పొర ఒకటి ఉంటుంది, వెలుగును ఒకే దిక్కులో ఊగనిస్తుంది, మిగతాదాన్ని ఆపేస్తుంది. దాన్ని బిళ్ల మీద పెట్టి తిప్పితే అదే ఆట. రాయి కదలకుండానే రంగు కదులుతోంది.

ఆ వారమంతా నేను ఫోన్లు సరిగ్గా బాగుచేయలేదు. వీడియోలు చూశాను, అర్థంకాని వ్యాసాలు మూడుసార్లు చదివాను. ఒక కాలేజీ పిల్ల ఫోను ఉచితంగా బాగుచేసి ఆమె చేత భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పించుకున్నాను. తెలిసింది ఇది.

దీని పేరు కార్డియరైట్. శని నీలం కాదు. ఆ నీలంలో అల్యూమినియం, ఆక్సిజన్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు, చేతిలో పెడితే బరువు తెలుస్తుంది. ఇది సిలికేటు, ఇసుక చుట్టం. తేలిక. గాజును గీస్తుంది కానీ అసలు నీలం దీన్ని గీసేస్తుంది. ఇది పుట్టింది బురదలో. రెండు వందల కోట్ల ఏళ్లకు పైమాట, ఇక్కడ మనమూ లేము, గోదారీ లేదు. ఏదో నీళ్ల అడుగున పేరుకున్న బంకమట్టి మీద ఇంకా ఇంకా పేరుకుని, అది లోపలికి, లోపలికి కుంగిపోయింది. అక్కడ భూమి వేడికి ఉడికింది. కరిగిపోయేంత వేడికి కాస్త ఇవతల దాకా ఉడికి, మట్టిలోని నీరంతా పోయి, మిగిలిన మెగ్నీషియం, ఇనుము, అల్యూమినియం, సిలికా కొత్తగా సర్దుకుని కూర్చున్నాయి. మూత బిగించినట్టు పైనుంచి ఒత్తిడి మరీ ఎక్కువైతే అదే మట్టి ఎర్రటి గార్నెట్ అయ్యేది. ఒత్తిడి అంత లేకపోతే, వేడి మాత్రం బాగా ఉంటే, ఇదవుతుంది. తర్వాత పైన ఉన్న కొండలన్నీ అరిగిపోయి, అడుగున ఉన్న పొర మెల్లగా హనుమండ్లు కాక బావి దాకా వచ్చింది. వచ్చే దారిలో నీళ్లు తగిలి పైపైన కుళ్లి, ఆ ఆకుపచ్చ పొర పట్టింది.

ఇక రంగు సంగతి. దీని లోపల అణువులు ఆరేసి గుంపులుగా ఉంగరాలు కట్టుకుంటాయి. గాజుల దుకాణంలో కడ్డీకి తొడిగిన గాజుల్లా ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉంటాయి. ఉన్న కాస్త ఇనుమే రంగు పని చేస్తుంది, అదీ అన్ని దిక్కుల్లో ఒకేలా చెయ్యదు. గాజుల లోంచి ఇటు నుంచి అటు చూస్తే నీలం. దొంతరను పక్క నుంచి చూస్తే గంజి. మామ దాన్ని సరిగ్గా పక్కకు పడుకోబెట్టి కోశాడు. నీలం ఎక్కడికీ పోలేదు, పాలిష్ పట్టని అంచు వెనక, ఆ పొర లోపల కూర్చుని ఉంది.

నేను ఎగురుకుంటూ పోయి మామకు ఫోను తెర మీద చూపించాను.

"మామా, ఎవరూ మార్చలే. రాయే మారుతది."

మామ కళ్లజోడు సర్దుకుని చూశాడు. "గీ ఫోను తోనే కదనే నువ్వు మీ అత్త మొకాన్ని పిల్లి మొకం చేసింది?"

"అది వేరే."

"పాస్టరు గొంతు మార్చి పాట పాడిచ్చింది గిదే ఫోను."

"మామా, అంచుకు పాలిష్ పట్టు. అరగంట పని. ఫోను అక్కరలేదు, నీ కండ్లతోనే కనవడ్తది."

"హనుమండ్లు రానీ. వాడు మాట తీసుకునే దాక నేను దాన్ని ముట్ట. ముడితే మల్ల మార్చిండు అంటరు."

కాకకు ఫోను చేస్తే, "మా రాయి దొరికిందా? దొరికితే వస్త" అని పెట్టేశాడు. ఒకడు వస్తేనే ముట్టుకుంటానంటాడు, ఇంకొకడు దొరికితేనే వస్తానంటాడు. బురదను నీలం చేసిన భూమి కూడా వీళ్లిద్దరినీ ఏమీ చేయలేదని నాకు అర్థమైంది. శనివారం పొద్దున ఫిలిప్ జీపు కడిగి, సాయంత్రం రాయి ఉన్నా లేకపోయినా బయలుదేరతానని చెప్పాడు. ఆదివారం ఆరాధనకు అక్కడ ఉండాలి కదా. నేను బిళ్లను, నల్ల పొరను సంచిలో వేసుకుని పెద్దపల్లి మీదుగా మంథని బస్సెక్కాను.

కాక ఇంటి ముందు ఎండలో ధాన్యం ఆరబోసి ఉంది. ఇద్దరూ కాళ్లతో గీతలు గీస్తూ ధాన్యం తిరగేస్తున్నారు. నేను బిళ్ల తీసి, నల్ల పొర పెట్టి తిప్పి చూపించాను. కాక చూసి నవ్వాడు.

"పిల్లా, నా ఫోనుల గాడిద కూతను రింగు పెట్టింది నువ్వే గదా? నేను పెళ్లిల ఉన్నప్పుడు అది మోగింది, యాదికున్నదా?"

"కాకా, గది వేరే. గిది సైన్సు."

"నీ చేతిల సైన్సు ఉన్నా నాకు భయమే."

జీవితంలో మొదటిసారి నిజం పట్టుకుని వస్తే నమ్మేవాడు ఒక్కడూ లేడు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. బిళ్లను రెండు వేళ్లతో నా చేతిలోంచి తీసుకుంది.

"శనివారం నాడు మల్ల ఇంటికి తెచ్చినవ్ గీ పీడను. మా రాయి పోయి గిది వచ్చిన కాన్నుంచి తిరుమల ఫోనుల గూడ సరిగ మాట్లాడ్తలేడు. నూనెల ముంచి, దండం పెట్టి గోదాట్ల పడేస్త, పోనీ."

"చిన్నమ్మా, వద్దే. నీ కాళ్లు మొక్కుత."

"మొక్కు. అయినా పడేస్త."

లోపలికి పోయి, ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె పోసి తెచ్చింది. శనికి నూనె అన్నమాట. నేను సంచి పట్టుకుని వెనకాలే తిరుగుతున్నాను. మంథనిలో గోదారి ఎంత దూరం, ఆమె కంటే ముందు పరుగెత్తగలనా అని లెక్కలు వేస్తున్నాను. ఆమె బిళ్లను నూనెలో ముంచి, రెండు ముఖాలనూ బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని పైకి ఎత్తింది. కళ్ల ముందు, సూర్యుడి వైపు. దండం పెడదామని.

గరుకు గాజు మీద నీళ్లు పోస్తే తేటగా కనబడటం చూసే ఉంటారు. నూనె ఆ పలచటి పొరలోకి ఇంకి గరుకు అంచులను నింపింది. ఎండ ఒక అంచు నుంచి లోపలికి పోయి, ఇంకో అంచు నుంచి ఆమె కళ్లలోకి వచ్చింది.

చిన్నమ్మ పెదవులు కదలడం ఆగాయి. "ఇటు రా. గిది మన రాయే."

కాక పక్క నుంచే, ఆమె వేళ్ల సందుల్లోంచి బిళ్ల ముఖం చూస్తూ, "యాడిది? గంజే కనవడ్తుంది" అన్నాడు.

"నీలం కొడ్తుంది. కండ్లు యాడ పెట్టినవ్?"

"నీ కండ్లు యాడ పెట్టినవ్? గంజి."

"నీలం."

పెళ్లయిన నాటి నుంచి అదే పనిగా కొట్లాడుతున్న ఇద్దరికీ కొత్త సరుకు దొరికింది. నేను కాకను భుజాలు పట్టి లాగి, చిన్నమ్మ నిలబడ్డ చోట నిలబెట్టాను. చిన్నమ్మను కాక ఉన్న చోటికి తెచ్చాను. ఆయన మొహం మారింది. ఆమె మొహం కూడా మారింది, "అగో, గంజి" అంది. మళ్లీ జాగాలు మార్చుకున్నారు. ఆ తర్వాత నేను చెప్పకుండానే ఇంకోసారి మార్చుకున్నారు.

చిన్నమ్మ చేతి నిండా గాజులున్నాయి. నాలుగు గాజులు తీయించి దొంతర పెట్టి, లోపలి నుంచి చూస్తే ఇది, పక్క నుంచి చూస్తే అది అని చూపించాను. బురద, ఉడకడం, కోట్ల ఏళ్లు, అంతా చెప్పాను. శని నీలం కాదని కూడా చెప్పాను, ఎందుకంటే మామ రోగం నాకూ కొంచెం అంటింది.

"ఏ నీలమైతేంది" అంది చిన్నమ్మ. "మా బాయిది మా ఇంటికి వచ్చింది. శని సంగతి పంతులును మల్ల అడుగుత. దేవసాయమన్నను మాత్రం ఉట్టిగ ఉసురు పెట్టినం. లే, పిల్లతోని బస్సెక్కు. వడ్లు నేను సూసుకుంట."

బస్సు పెద్దపల్లి చేరాక కాక అన్నాడు, "నేను మార్చినవ్ అనలే. మారింది అన్న. తప్పేమున్నది?"

"కాకా, నువ్వు పోయి తప్పయింది అను. అంతే. వేరేది ఏదీ అనకు."

"తప్పయితే గద అనేటిది."

సాయంత్రం షెడ్డు ముందు ఫిలిప్ జీపు ఎక్కి కూర్చుని ఉన్నాడు, పలక లేకుండానే. మామ పలక ముందు కూర్చుని ఉన్నాడు. సుద్ద 'బా' అప్పటికే సగం రాలిపోయింది. కాక లోపలికి వచ్చి, పీట మీద కూర్చుని, గొంతు సవరించుకుని అన్నాడు.

"దేవసాయం, రాయి మారింది."

నాకు ఆ ముక్కాలిపీట ఎత్తి ఎవరి నెత్తిన వేయాలో తెలియలేదు. కాక తాపీగా జేబులోంచి నూనె కారుతున్న బిళ్ల తీసి, మామ కళ్లకు ఎదురుగా సాయంత్రపు ఎండలో పట్టుకున్నాడు.

"గిట్ల సూడు. మారిందా?" తిప్పాడు. "ఇప్పుడు సూడు. మల్ల మారింది. నేను మొదట్నుంచి గిదే అంటున్న. మార్చినవ్ అని ఎప్పుడన్న అన్ననా?"

మామ చాలాసేపు చూశాడు. కాక చేతిని పట్టుకుని తనే అటూ ఇటూ తిప్పాడు. అంచును బొటనవేలితో రాసి చూశాడు. క్షమాపణ సంగతి ఎటు పోయిందో ఎటు పోయింది, ఆయన మొహంలో వేరే బాధ మొదలైంది.

"నేను ఎటు కొయ్యాల్నో అటు కొయ్యలే" అన్నాడు. "తిప్పి సూడాల్సి ఉండె. గ్రానైట్ లెక్క పండవెట్టి కోసిన. మార్చలే గాని, పాడు చేసింది మాత్రం నేనే. నీ రాయి నేను ఖరాబు చేసిన హనుమండ్లూ. గిది సక్కగ చేసినంకనే ఉలి పడ్త."

ఫిలిప్ జీపు దిగి వచ్చాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. కాక ముందే లేచాడు.

"ముట్టకు. నువ్వు సక్కగ చేస్తే బిస్కెట్ పోయి శనగ గింజ అయితది. దాన్ని అట్లనే ఉండనీ. నీ పని గా పిల్లగాని అవ్వ పేరు. బా చెక్కు."

"నువ్వు దొంగ అనలేదా?"

"అనలే."

"మనసుల అనుకున్నవా?"

కాక మొదటిసారి కిందికి చూశాడు. మామకు అబద్ధం చెప్తే ఎలాగూ తెలిసిపోతుంది. "ఒక రాత్రి అనుకున్న" అన్నాడు. "ఇగ అనుకోను."

మామ తల ఊపాడు. డబ్బా మూత తీసిన చప్పుడు నాకు ప్రార్థన ముగిసినప్పటి ఆమెన్‌లా వినిపించింది. పొద్దు వాలుతుండటంతో కాక తీగ లాగి బల్బు పట్టుకుని నిలబడ్డాడు. నేను సుద్ద ఇవ్వబోతే, "నువ్వు దూరం ఉండు" అన్నాడు మామ. ఉలి మొదటి దెబ్బకు నల్ల రాయి మీద తెల్లటి పొడి లేచింది. ఫిలిప్ ప్రతి దెబ్బకూ ఊపిరి బిగబట్టాడు. దీర్ఘం చివర తిప్పే దగ్గర మామ కూడా బిగబట్టాడు.

పలక జీపెక్కింది. ఆదివారం మధ్యాహ్నం ఉట్నూరు వైపు నుంచి ఫిలిప్ ఫోటో పంపాడు. అడవి అంచున సమాధి, చుట్టూ చీరల్లో ఆడవాళ్లు, మధ్యలో నల్ల రాయి, దాని మీద 'హెప్సిబా' పూర్తిగా. కాక శనివారం రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయాడు కాబట్టి ఇద్దరూ నా ఫోను మీద తలలు ఆనించి చూశారు. మామ వేళ్లతో ఫోటో పెద్దది చేసి, చివరి అక్షరం దగ్గర ఆగాడు.

"బా జర ఎక్కువ లోతుకు పోయింది."

"మంచిగనే ఉన్నది."

"నువ్వు బల్బు పక్కకు మార్చినవ్. నాకు నీడ పడ్డది."

"మార్చినవ్ అనకు" అన్నాడు కాక. "నీడ మారింది అను."